నల్లటి తెర ముందు నా కుర్చీ

నవంబరులో ఢిల్లీలో కళ్లు మండని వాళ్లెవరో చెప్పండి చూద్దాం. మా మయూర్ విహార్ సొసైటీలో లిఫ్టు ఎక్కితే అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. పొగ, మంచు, దుమ్ము కలిసి ఊరి మీద దుప్పటి కప్పినట్టు పడుకుంటాయి. కాబట్టి ఎడమ కన్ను నొప్పి పెట్టినప్పుడు నేనూ అందరిలాగే మందుల షాపుకి వెళ్లి చుక్కల మందు తెచ్చి వేసుకున్నాను. కన్ను కదిపితే చాలు, లోపల ఎవరో పట్టుకుని లాగినట్టుండేది. "పొల్యూషన్, మమ్మీ" అంది మా అమ్మాయి నిత్య. "పొల్యూషనే" అన్నారు మా ఆయన. ఆఫీసులో మా సెక్షన్ అమ్మాయి కమలేశ్‌ది కూడా అదే మాట. ఊరంతా ఒకే జబ్బు పేరు చెబుతుంటే నాకు మాత్రం వేరే జబ్బు ఉంటుందని ఎలా తోస్తుంది?

ఒకరోజు పొద్దున బొట్టు పెట్టుకుంటుంటే కుంకుమ మట్టిరంగులో కనిపించింది. కరోల్ బాగ్‌లో కొన్న కుంకుమ. కల్తీది అంటగట్టాడు వీడి మొహం మండ, అని కొట్టువాణ్ణి కసితీరా తిట్టుకున్నాను. తరవాత ఎందుకో ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. కుంకుమ ఎర్రగా ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. మళ్లీ మట్టి. మంచం మీద కూలబడ్డాను.

ఇది చదివే వాళ్లకి ముందుగా ఒక మాట. కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపించడం, ఈ రెండూ కలిసొస్తే పొగని తిట్టుకుంటూ కూర్చోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

డిసెంబరు

ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కంటి నరాల మీద పడిందట. డాక్టరు చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది అంతే. ఎడమ కన్ను అయ్యాక కుడి కన్ను అందుకుంది. చేతికి సూది గుచ్చి మందు ఎక్కించేవారు. నోరంతా ఇనుప రుచి. మొహం బూరెలా ఉబ్బింది. కోపం మాత్రం మందు వల్ల వచ్చిందో సొంతదో చెప్పలేను. అసలే నాది నోటి దురుసు పుట్టుక.

ఆ పెద్దాసుపత్రి వరండాలో బెంచీల మీద గడిపిన పొద్దులే నాకు ఎక్కువ గుర్తు. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టేవారు. ఎవరి పేరు పిలుస్తున్నారో తెలియదు, పిలిచినా ఎటు పోవాలో తెలియదు. మా ఆయన శ్రీనివాస్ గారు మామూలుగా గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. అలాంటాయన రిపోర్టు ఇవ్వని కౌంటరు దగ్గర ఒకరోజు అరిచేశారు. అరిచొచ్చి నా పక్కన కూర్చుంటే బెంచీ వణికింది. ఆయన భయం నాకు అలా తెలిసింది.

ఇంకోరోజు ఆయన మందుల కోసం వెళ్లినప్పుడు పక్కనున్న ఆవిడ, మీరట్ వైపు నుంచి అత్తగారిని తీసుకొచ్చిందట, నన్నేమీ అడగకుండా నా అరచేతిలో కమలా తొనలు పెట్టడం మొదలుపెట్టింది. "ఖా లో దీదీ, మీఠా హై" అంది. ఒకటి తినగానే ఇంకోటి. గింజలు కూడా తీసేసి పెట్టింది. ఆవిడ మొహం నాకు మసక మచ్చే. ఇవాళ్టికీ కమలాపండు వాసనొస్తే ఆవిడ గొంతు వినిపిస్తుంది.

జనవరి చివరికి డాక్టరు నిదానంగా, మంచిగానే చెప్పాడు. జబ్బు ఆగింది. పోయిన చూపు ఇక వస్తుందని నమ్ముకోవద్దు. మిగిలింది వెలుగు, నీడ.

ఫిబ్రవరి

నేనొక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్ని. నా పనల్లా చదవడం. కింది నుంచి వచ్చిన ఫైలు చదివి, తప్పులు పట్టి, నోటు రాసి పైకి పంపడం. గుంటూరు నుంచి పరీక్ష రాసి వచ్చిన నాటి నుంచీ అదే నా తిండి, అదే నా గర్వం. ఉద్యోగం మధ్యలో చూపు పోయిన వాళ్లని తీసెయ్యకూడదని చట్టం ఉంది. కాబట్టి నా జీతానికి ఢోకా లేదు. కానీ ఆఫీసుల సంగతి నాకు తెలియనిదా? కుర్చీ ఉంటుంది, దాని ముందుకి ఫైలు రాదు. టీ వస్తుంది, జాలి వస్తుంది. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఒక మూల బొమ్మలా కూర్చుని రావాలి. చూపు పోయినప్పుడు ఏడవలేదు గానీ ఆ కుర్చీ తలుచుకుని బాత్రూంలో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను.

మా ఆయన ప్రేమగా ఇంకో దారి చూపించారు.

"వీఆర్ఎస్ తీసుకో పద్మా. పెన్షన్ వస్తుంది. నేనున్నాను కదా, ఏం కావాలన్నా నేను చదివి పెడతాను."

చదివేవారు కూడా. పొద్దున టీ తాగుతూ తెలుగు పేపరు మొత్తం ఫోనులో తీసి వినిపించేవారు. కానీ మధ్యమధ్యలో చిన్న ఆగడం. అక్కడ ఏదో చావు వార్తో, జబ్బు వార్తో ఉందన్నమాట. అది దాటేసి తరవాతి దానికి వెళ్లేవారు. బంధువుల మెసేజ్‌లు కూడా అంతే, జల్లెడ పట్టి వినిపించేవారు.

"ఏవండీ, మధ్యలో ఏం మింగేశారు?"

"ఏం లేదు, ప్రకటన."

నేను మనిషిని ప్రేమించాను గానీ జల్లెడని కాదు. అయినా ఏం చేయను? ఆయన లేకపోతే అది కూడా లేదు.

ఫోను నేనే నేర్చుకుందామని ఒకసారి ప్రయత్నం చేశాను. నిత్య ఏదో మీట నొక్కి ఫోను మాట్లాడేలా పెట్టింది. వేలు పెడితే చాలు, అది వాగుతుంది. నేనొకటి అనుకుంటే అదొకటి తెరుస్తుంది. విసుగెత్తి "నీ నోరు పడిపోను, నోర్ముయ్యవే ముండా!" అని గట్టిగా అరిచాను. ఆ సమయానికి నా బొటనవేలు సొసైటీ గ్రూపులో మైకు బొమ్మ మీద ఉందట. ఆ ఆశీర్వచనం ఇంటింటికీ వెళ్లింది. అదృష్టం, అందరూ హిందీ వాళ్లు, ఒక్కరికీ అర్థం కాలేదు. బి బ్లాకులో ఏలూరు ఆంటీ మాత్రం ఫోన్ చేసి నవ్వలేక చచ్చింది. "హాయిగా ఉందే పద్మా, నీ నోరు బతికే ఉంది" అంది. చాలా రోజుల తరవాత ఆ రోజు నేనూ నవ్వాను.

ఏప్రిల్

నిత్య వాళ్ల కాలేజీలో ఎవరినో అడిగి రజితని పట్టుకొచ్చింది. కామారెడ్డి పిల్ల, పుట్టుకతో చూపు లేదు. మునిర్కాలో గది తీసుకుని యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. రెండు మెట్రోలు మారి, తెల్ల కర్ర చప్పుడు చేసుకుంటూ ఒంటరిగా వచ్చింది. తలుపు తీసిన మా ఆయన కంగారుగా ఆమె జబ్బ పట్టుకుని సోఫా వైపు లాగబోయారు.

"సార్, మీరు నన్ను వట్టుకోకుండ్రి. నేనే మీ మోచెయ్యి వట్టుకుంట. మీరు నడుస్తుంటే నాకు దారి తెలుస్తది" అంది.

మా ఆయన సోఫా దాకా ఊపిరి బిగబట్టి నడిచి ఉంటారు. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

అణకువ ఏమాత్రం లేని పిల్ల. "నా అంత స్పీడుగ వినేటోళ్లు మా డిపార్ట్‌మెంట్ల ఎవ్వల్లేరు అక్కా" అని కూర్చోగానే చెప్పింది. తన ఫోను వినిపించింది. ఆవాలు చిటపటలాడినట్టుంది తప్ప ఒక్క ముక్క నాకు తెలియలేదు.

"ఇదేం భాషే?"

"ఇంగ్లీషే! జల్ది సదువుతుంది గంతే. నీ చెవికి గూడ అలవాటయితది."

నా చేతికి ఫోను ఇచ్చి నా వేళ్ల మీద తన వేళ్లు ఆనించింది. నేను చేసే తప్పు ఆమెకి రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. చూపున్నప్పటి అలవాటు కొద్దీ నేను బొమ్మ ఎక్కడుందో గుర్తు తెచ్చుకుని అక్కడ టక్కున పొడుస్తున్నాను.

"గట్ల గాదు. పొడవకు. వేలు ఆనిచ్చి మెల్లగ జరుపు. కింద ఏమున్నదో అదే చెప్తది. ఊకె చెప్తే ఏం గాదు, తెరుచుకోదు. నీకు గావాల్సింది దొరికినంక రెండుసార్లు తట్టు. అప్పటిదాంక అది నీ మాట కోసం ఆగుతది."

అప్పుడు నాకు అర్థమైంది, ఇంత తెలివైన ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ వాళ్ల చేతులకి దండం పెట్టాలి. ఆ ఫోను అద్దానికి గుంట లేదు, గట్టు లేదు, మీట లేదు. తడిమితే నున్నటి పలక. చూపులేని వాళ్లకి ఇంతకంటే పనికిమాలిన వస్తువు ఉంటుందా అనిపిస్తుంది. ఆ పలకనే, తాకితే చెప్పేలాగా, తడితే తెరుచుకునేలాగా, రెండు పనులూ విడదీసి పెట్టారు. నేను చూసుకునే వీలు అది. చూసి, కావాలనుకుంటేనే తెరవడం. నా చేతిలో పోయిన మర్యాద తిరిగొచ్చినట్టయింది.

తరవాత లాప్‌టాప్, అది కూడా ఫోనులాగే చదివి వినిపిస్తుందట. మౌసు తీసి అవతల పారెయ్యమంది. ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీతలుంటాయి, చూపుడు వేళ్లు అక్కడ పెట్టుకుంటే మిగతా అక్షరాలన్నీ వాటి చుట్టూ దొరుకుతాయి. నేను పాతకాలం టైపు పరీక్ష పాసైనదాన్ని. నా వేళ్లకి అవి గుర్తున్నాయి! రజిత ఆశ్చర్యపడింది. ఇంత గొప్ప పిల్లని ఆశ్చర్యపరిచానని నేను పొంగిపోయాను. శీర్షిక నుంచి శీర్షికకి దూకడం, పేరా పేరా వినడం, ఒక్కో అక్షరం విడగొట్టి వినడం నేర్పింది. చివరికి ఒక తమాషా చూపించింది. తెర మొత్తం నల్లగా ఆర్పేసే వీలు. లోపల అంతా నడుస్తుంటుంది, బయటికి చిమ్మచీకటి.

"మనకెట్లనూ అక్కర లేదు గదా. మెట్రోల పక్కనోడు తొంగి సూస్తే వానికి మన్ను గూడ కనవడదు" అని పకపకా నవ్వింది.

ఆ సాయంత్రమే నిత్య ఇంకో పని చేసింది. ఇంట్లో ఫోన్లన్నిటికీ, వాళ్ల నాన్న ఫోనుకి కూడా, సౌండు బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే మాట్లాడేలా పెట్టేసింది. "మమ్మీ, ఘర్ కా కోయీ భీ ఫోన్ ఉఠావో, చలేగా" అంది, ఇంట్లో ఏ ఫోను తీసినా నాకు పనికొస్తుందట. దానికి తెలుగులో నాలుగు మాటలు రావు గానీ నాకేం కావాలో నాకంటే ముందు దానికి తెలిసింది. దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకున్నాను.

జులై

సెలవు ముగించి ఆఫీసుకి వెళ్తానన్నాను. మా ఆయన వాదించలేదు. మెట్రోలో తీసుకెళ్లి నా కుర్చీ దాకా దింపి, "కష్టమనిపిస్తే ఫోన్ చెయ్యి, వెంటనే వచ్చేస్తాను" అని చెప్పి నోయిడాలో తన ఆఫీసుకి వెళ్లారు. పార్లమెంటు సమావేశాల రోజులు. సెక్షనంతా ఉరుకులు పరుగులు. కమలేశ్ నా కింద పనిచేసే అసిస్టెంటు, హర్యానా అమ్మాయి, గొంతు పెద్దది మనసు మెత్తనిది. మీటలతో నేనే పాస్‌వర్డు కొట్టుకుని లోపలికి వెళ్లేసరికి "అరే వాహ్ మేడమ్ జీ!" అని గది అదిరేలా అరిచింది.

మొదటి ఫైలు తెరిచాను. ఇయర్‌ఫోనులో కంప్యూటరు నోటు పేజీ గడగడా చదివింది. నా ఛాతీ ఉప్పొంగింది. తరవాత అసలు ఉత్తరాల దగ్గరికి వెళ్లాను. "గ్రాఫిక్" అంది. కిందికి జరిగాను. "గ్రాఫిక్." ఇంకా కిందికి. "ఖాళీ." అక్షరాలు గుర్తుపట్టే ఏర్పాటుతో చదివించబోయాను. రబ్బరు స్టాంపులూ వంకర సంతకాలూ కలగలిపి అర్థంలేని ముక్కలేవో పలికింది.

ఏమైందో అప్పుడు నాకు అర్థమైంది. మా ఆఫీసుల పద్ధతి ఇది. ఉత్తరం కంప్యూటర్లో టైపు చేస్తారు. చక్కటి అక్షరాలు, నా యంత్రం చదవగలిగినవి. దాన్ని కాగితం మీద ప్రింటు తీస్తారు. సంతకం పెట్టి స్టాంపు కొడతారు. ఆ కాగితాన్ని వంకరగా స్కాను చేసి, ఫొటోగా మార్చి, తిరిగి కంప్యూటర్లోనే పెడతారు. నేనూ ఇన్నేళ్లూ అదే చేయించాను, ఎవరూ వేరే చేయలేదు. కంటికి అది ఉత్తరమే. చెవికి అది గోడ.

"మై పఢ్ దేతీ హూ నా" అంది కమలేశ్, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. మంచితనమే. కానీ మళ్లీ ఇంకొకరు చదివి పెట్టడం, ఇంకొకరు ఆగిన చోట ఆగడం. పైగా ఆ ఫైలు గదంతా వినకూడనిది. నా మూల కుర్చీ, జాలి టీ కళ్ల ముందు కనిపించాయి. వరండాలోకి వెళ్లి ఫోను తీశాను. మా ఆయన పేరు మీద వేలు పెట్టాను. ఫోను ఆయన పేరు చెప్పి ఆగింది. తట్టలేదు. వేలు జరిపి రజితకి చేశాను.

నా ఏడుపంతా విని ఆ పిల్ల నవ్వింది!

"అక్కా, మా లైబ్రరీల గూడ గిదే కథ. నేను సంవత్సరాల సంది అందర్నీ బతిమాలుతున్న. గని నేను స్టూడెంటుని. నువ్వు ఆఫీసరువు గదా? నువ్వెందుకు బతిమాలుడు? ఆర్డరెయ్యి!"

అవును కదా, నేను ఆఫీసరుని. జబ్బు పడ్డ ఇన్ని నెలల్లో ఆ సంగతి నాకే గుర్తులేదు. ముక్కు తుడుచుకుని లోపలికి వచ్చాను. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తెర ఆర్పేసి నోటు టైపు చేయడం మొదలుపెట్టాను. ఈ సెక్షన్‌లో ఫైలుకెక్కే ప్రతి ఉత్తరానికి సంతకం ఉన్న ఫొటోతో పాటు టైపు చేసిన ప్రతి కూడా విధిగా జత చేయాలి. కారణం కూడా రాశాను, దాచుకోలేదు. సెక్షన్ ఆఫీసర్ చదవాలి కాబట్టి.

"మేడమ్ జీ, మానిటర్ తో బంద్ హై!" అని కమలేశ్ కంగారుపడింది, పాపం చీకటి తెర ముందు కూర్చుని ఊరికే మీటలు కొడుతున్నాననుకుంది. నోటు పూర్తిచేసి తెర వెలిగించి చూపించాను. ఆ అమ్మాయి తన సీటుకి వెళ్లి ఆ రోజు ఫైళ్ల టైపు ప్రతులు వెతికి వెతికి ఒక్కొక్కటే జత చేసింది. భోజనానికి కూడా లేవలేదు.

మధ్యాహ్నం అర్జంటు ఫైలు ఒకటి వచ్చింది, పార్లమెంటు ప్రశ్నకి జవాబు. కమలేశ్ టైపు ప్రతి పెట్టింది. విన్నాను. మళ్లీ మొదటి నుంచి విన్నాను. ఒకే పథకం గురించి మొదటి భాగంలో నడుస్తోందని ఉంది, చివరి భాగంలో ముగిసిందని ఉంది. కంటితో చదివిన ముగ్గురూ అది దాటేసి పైకి పంపారు. వాళ్ల తప్పు కాదు, ఆ హడావిడిలో కన్ను గబగబా దాటేస్తుంది. చెవి ఒక్కో మాటా తొక్కుకుంటూ నడుస్తుంది. సరిచేసి నోటు రాసి డిప్యూటీ సెక్రటరీ గారికి పంపాను.

కాసేపటికి ఆవిడే నడిచొచ్చారు. పొదుపుగా మాట్లాడే మనిషి. నా టేబులు దగ్గర ఆగి, "పద్మజా జీ, సెషన్ కీ సారీ ఫైలే ఆప్ హీ కే పాస్ ఆయేంగీ. ఠీక్ హై?" అన్నారు.

సమావేశాల ఫైళ్లన్నీ నా దగ్గరికే! "ఠీక్ హై మేడమ్" అన్నాను. ఆవిడ వెళ్లాక కమలేశ్ నా చేతిలో టీ కప్పు పెట్టింది. ఆ టీలో జాలి లేదు, చక్కెర మాత్రం ఎక్కువైంది.

ఇప్పుడు

మందులు ఇంకా వాడుతున్నాను. జబ్బు మళ్లీ తిరగబడుతుందేమోనన్న భయం పోలేదు, పోయిందని చెబితే అబద్ధం. కన్ను కాస్త లాగినా ఒళ్లు చల్లబడుతుంది. కొత్తగా ఈ దారిలో పడ్డ వాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే, ఇంట్లో వాళ్ల ప్రేమ కాదనకండి, కానీ ఫోను మీద వేలు మాత్రం మీరే పెట్టండి. నేను కూడా ఇప్పుడు ఆవాలు చిటపటలాడే వేగంలో వింటున్నాను. రజిత అంత కాదు. ఆ మాట ఆమె ప్రతి ఆదివారం గుర్తుచేస్తుంది.

మా ఆయన వీఆర్ఎస్ మాట మానేశారు. పేపరు మాత్రం ఇంకా చదువుతారు, నేనూ వింటాను. ఆయన మింగేసిన వార్తలు తరవాత మెట్రోలో నేను చదువుకుంటాను. ఆయనకి చెప్పలేదు.

నిన్న పొద్దున నేను ఆఫీసుకి తయారవుతుంటే ఆయన ఇల్లంతా తిరుగుతూ దేనికోసమో వెతుకుతున్నారు. సొరుగులు లాగుతున్నారు, దిండ్లు ఎత్తుతున్నారు. అంతలో ఆయన ఫోను మోగింది. విసుక్కుంటూ వచ్చి నా చేతిలో పెట్టేశారు.

"ఇదేదో బ్యాంకు మెసేజ్‌లా ఉంది పద్మా. నా కళ్లజోడు కనపడి చావట్లేదు. కాస్త చదివి పెట్టు."

అని మళ్లీ వెతుకులాటలో పడ్డారు. ఏం అడిగారో ఆయన గమనించనే లేదు. నేను సౌండు బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకున్నాను. ఆయన ఫోను నాతో మాట్లాడింది. వేలు జరిపాను, తట్టాను, మొదటి నుంచి చివరి దాకా ఏదీ మింగకుండా చదివి పెట్టాను. గ్యాసు సిలిండరు సాయంత్రం వస్తుందట, బ్యాంకు కాదు.

"ఊఁ, సరే" అని ఆయన వంటింట్లోకి వెళ్లారు.

కళ్లజోడు టీవీ పక్కన ఉంది. పొద్దున బల్ల తుడుస్తుంటే నా చేతికి తగిలింది. చెబుదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఇంకో మెసేజ్ ఏదైనా వస్తుందేమోనని, ఆయన ఫోను పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను.